కంచుపాత్రలో కాసులు

గాజియాబాద్‌లోని మా వైశాలి ఢిల్లీ ఉద్యోగుల కాలనీ. 2011లో మెట్రో రైలు వచ్చినప్పటి నుంచి దాని పేరు నలుగురికీ పరిచయమైంది. బీహారులోని ప్రాచీన వైశాలితో దీనికి పేరు తప్ప మరే పొత్తూ లేదు. అయినా ఆ పేరు చూసినప్పుడల్లా వినయపిటకంలోని ఒక కథ నాకు గుర్తుకు వస్తుంది.

బుద్ధ నిర్వాణానంతరం నూరేండ్లకు వైశాలి భిక్షువులు ఉపోసథ దినాన కంచుపాత్రలో నీరు నింపి, సంఘం కోసం అందులో కాసులు వేయమని గృహస్థులను అడిగారట. భిక్షువులు వెండిబంగారాలు ముట్టరాదని యశుడు అభ్యంతరం చెప్పాడు. అతనికీ వాటా ఇవ్వబోయారు, కాదన్నాడు. భక్తుల మనసు నొప్పించావు, వెళ్ళి క్షమాపణ వేడుకొమ్మని సంఘం యశుణ్ణే శాసించింది. నియమం తప్పినవారు నియమానుసారమే శిక్ష విధించారు! ఈ వివాదమే రెండవ బౌద్ధ సంగీతికి దారితీసింది.

మతాధికారుల అవినీతిని చిత్రించిన మధ్యయుగ సాహిత్యానికి ఈ వైపరీత్యమే ఊపిరి. ఏడవ శతాబ్దపు పల్లవరాజు మొదటి మహేంద్రవర్మ బిరుదులలో తెలుగు మాటలూ ఉన్నాయి. ఆయన మనకు మరీ పరాయివాడు కాడు. ఆయన వ్రాసిన ‘మత్తవిలాస ప్రహసనం’లో నాగసేనుడనే భిక్షువు దాత ఇంట మత్స్యమాంసాలతో విందారగించి వస్తూ, దయామయుడైన బుద్ధుడు మద్యాన్నీ స్త్రీలనూ ఎందుకు నిషేధిస్తాడని ఆలోచిస్తాడు. ఆ అనుమతిని ముసలి భిక్షువులే గ్రంథం నుంచి తొలగించి ఉంటారని తేల్చుకుంటాడు. తన కపాలపాత్రను ఈ భిక్షువే దొంగిలించాడని తాగిన కాపాలికుడొకడు తగవుకు దిగుతాడు. న్యాయస్థానానికి వెళదామంటే అతని సహచరి నిరుత్సాహపడుతుంది: అనేక విహారాల ఆదాయమున్న భిక్షువు అధికారుల నోళ్ళు నింపగలడు, పేదవారమైన మనమేమి చేయగలమని. ఆ కథ జరిగేది కాంచీపురంలో. అది నాటకకర్త రాజధానే.

‘కాంటర్‌బరీ కథలు’ వ్రాసిన చాసర్ 1374 నుంచి 1386 వరకు లండన్ రేవులో సుంకాధికారి. ఆయన సృష్టించిన పాపపరిహార పత్రాల విక్రేత, ధనాశ సర్వపాపాలకూ మూలమని బోధిస్తూ ఆ బోధతోనే ధనం గుంజుతాడు. రాజూ, సుంకాధికారీ ఇద్దరూ అధికార యంత్రాంగం లోపలివారే.

మన వేమన దొంగ గురువులను నేరుగా దులిపాడు. అటువంటి అధిక్షేపం విన్నప్పుడు అపరాధి మరెవరో అని మనం నిశ్చింతగా ఉండవచ్చు. వ్యంగ్యం ఆ సౌకర్యం ఇవ్వదు. అది అవినీతిపరుణ్ణి మన మర్యాద భాషలోనే మాట్లాడిస్తుంది.

నేను పనిచేసిన ఒక కార్యాలయంలో పండుగ కానుకలను తిప్పి పంపే గుమాస్తా ఒకాయన ఉండేవారు. ‘సహోద్యోగులతో సామరస్యం కొరవడినది’ అని ఆయన వార్షిక నివేదికలో వ్రాశారు. ఆ వాక్యంలో అసత్యం లేదు, అక్షరదోషమూ లేదు. యశుడు ఊరూరా తిరిగి భిక్షువులను కూడగట్టాడు. సంగీతిలో పెద్దలు అతని పక్షాన తీర్పు చెప్పారు. గుమాస్తా పదోన్నతి లేకుండానే ఉద్యోగ విరమణ చేశారు. ఇటువంటి వాక్యాన్ని దస్త్రం భద్రపరుస్తుంది. దానిని ఎలా చదవాలో సాహిత్యం నేర్పుతుంది.