నాన్న మాత్ర

3-6-2025, మంగళవారం
నాన్నకి బీపీ 170/100. తలనొప్పి లేదు, కళ్లు తిరగడం లేదు. అందుకే నాలుగేళ్లుగా మాత్ర ఓ వారం వేసుకుని ఓ నెల మానేస్తూ వచ్చారు. ఇవాళ మూత్ర పరీక్షలో అల్బుమిన్, క్రియాటినిన్ నిష్పత్తి 420. అది 30 లోపు ఉండాలి. "ఈ మాత్ర బీపీకి మాత్రమే కాదండీ, మీ కిడ్నీలకి కూడా" అంటూ డాక్టరమ్మ రామిప్రిల్ రాసింది. మూత్రంలో నురుగు చాలాసేపు పోవడం లేదని అమ్మ సంక్రాంతికే చెప్పింది. నేను ఫినాయిల్ నురుగేమో అనుకున్నాను. ఆ మాట అప్పుడే పట్టించుకోవాల్సింది.

16-6-2025, సోమవారం
రాత్రంతా పొడి దగ్గు. రామిప్రిల్‌తో కొందరికి వస్తుందట. నాన్న ఎవరికీ చెప్పకుండా ఆపేశారు. కోప్పడ్డాను, తర్వాత బాధేసింది. డాక్టరమ్మ టెల్మిసార్టాన్ 40కి మార్చింది. రామిప్రిల్ జాతిలో మొదటి మాత్ర కాప్టోప్రిల్, 1981లో అమెరికాలో అనుమతి పొందింది. దానికి దారి చూపింది బ్రెజిల్‌లోని ఒక పాము విషం. చదివి వినిపిస్తే నాన్న పేపరు పక్కన పెట్టి మరీ విన్నారు.

2-7-2025, బుధవారం
రక్తంలో క్రియాటినిన్ 1.2 నుంచి 1.4 అయింది. నా గుండె జారిపోయింది. 30 శాతం లోపు పెరిగితే మందు ఆపక్కర్లేదంది డాక్టరమ్మ. కిడ్నీ వడపోత గుత్తిలోంచి రక్తం బయటికొచ్చే సన్న నాళాన్ని ఈ మందు వదులు చేస్తుందట. లోపల ఒత్తిడి తగ్గి, అల్బుమిన్ కారడం తగ్గుతుంది. వడపోత మొదట్లో కాస్త మందగిస్తుంది, అంతే. "చెరువు తూము ఎత్తితే కట్ట మీద బరువు తగ్గినట్టు" అన్నారు నాన్న. పొలం చేసిన మనిషి, నాకన్నా ముందే పట్టేశారు.

పొటాషియం 4.8. నేను ముచ్చటపడి తెచ్చిన లో సోడియం ఉప్పులో పొటాషియమే ఉంటుందట, వాడొద్దంది. మామూలు ఉప్పే, తగ్గించి. మోకాళ్లకి అడక్కుండా నొప్పి మాత్రలు మింగొద్దని రెండుసార్లు చెప్పింది, అవి కిడ్నీకి రక్తం అందే దారిని బిగిస్తాయని.

6-9-2025, శనివారం
బీపీ 128/78. నిష్పత్తి 160. ఇంకా చాలా దూరం ఉంది, అయినా రిపోర్టు మూడుసార్లు చూసుకున్నాను.

సాయంత్రం మందుల షాపు నుంచి నాన్న ఫోను. "మోకాలికి ఏదో మాత్ర ఇస్తున్నాడమ్మా. డాక్టరమ్మని అడిగి చెప్పు, అందాకా ఇక్కడే కూర్చుంటా."