కొత్త యంత్రానికి పాత గొంతు

'యూజర్ ప్రొఫైల్' అన్నదానికి తెలుగులో ఏమనవచ్చు? 'వాడుకరి' అన్న మాటను అంతర్జాలంలో మనవారు ఏనాడో స్థిరపరచుకున్నారు కనుక మొదటి పదానికి చిక్కు లేదు. రెండవదాని దగ్గరే సందేహం. 'వివరాలు' అంటే పేరూ ఊరూ రాసిన చీటీలా ధ్వనిస్తుంది. మాటను విని రాసే సాఫ్ట్‌వేరులో అది చీటీ కాదు, ఒక మనిషి పలుకుబడి అచ్చుపడిన పలక. అందువల్ల ప్రస్తుతానికి 'స్వరముద్ర' అని వాడుతున్నాను. ఇంతకన్న మంచి మాట తోచిన మిత్రులు తెలిపితే సంతోషంగా స్వీకరిస్తాను.

ఈ పదచింతన ఊరక పుట్టినది కాదు. మా అచ్చంపేటలో నాతోపాటు పనిచేసి విశ్రాంతి పొందిన ఆంగ్లోపాధ్యాయులు ఒకరున్నారు. 2014లో పక్షవాతం వచ్చి ఆయన కుడిచేయి పడిపోయింది. మాట ముద్దగా మారింది. మరుసటి ఏడు అమెరికా నుండి వచ్చిన కుమారుడు కంప్యూటరులో 'డ్రాగన్ నాచురల్లీస్పీకింగ్' అమర్చి వెళ్లాడు. దానికి తెలుగు రాదు, ఆంగ్లమే. ఆయనకు కావలసినదీ అదే. మనుమరాళ్లకు తెలుగు మాటలాడడం వచ్చును గాని చదవడం రాదు. వారికి ఆదివారం ఆదివారం ఒక ఉత్తరం చెప్పి రాయిస్తారు.

డ్రాగన్ సంస్థను జేమ్స్ బేకర్, జానెట్ బేకర్ అనే దంపతులు 1982లో స్థాపించారు. 1990లో వారు తెచ్చిన 'డ్రాగన్ డిక్టేట్'కు మాటకూ మాటకూ నడుమ ఆగి ఆగి చెప్పవలసి ఉండేది. 1997లో 'నాచురల్లీస్పీకింగ్' వచ్చిన తరువాత ధారగా చెబితే రాసుకొనే సౌకర్యం కలిగింది. మా పండితుల పరిభాషలో మొదటిది పదపాఠం, రెండవది సంహితాపాఠం.

స్వరముద్రలో ఏముంటుంది? ఆ వ్యక్తి ఏ ధ్వనిని ఎట్లా పలుకుతాడన్న లెక్క ఒకటి. అతడు కొత్తగా చేర్చిన పదాలు. ఏ మాట వెనుక ఏ మాట వాడే అలవాటున్నదన్న అంచనా. వీటన్నిటికీ మూలం దిద్దుబాటు. మొదటి వారాలలో ఆయన 'సలేశ్వరం' అంటే అది 'సేల్ ఈజ్ వార్మ్' అని రాసింది. 'అచ్చంపేట' అంటే 'ఎ చాంప్ పెట్' అన్నది. నల్లమలలో చైత్ర పౌర్ణమికి జరిగే సలేశ్వరం జాతర గురించి అమెరికా పిల్లలకు చెప్పబోతే ఏదో బట్టల దుకాణం ప్రకటన తయారైంది! ఆయన విసుగుకోలేదు. ఉమామహేశ్వరం, మన్ననూరు, అమ్రాబాదు, సకినాలు, పచ్చిపులుసు, కాలం చేసిన తన భార్య పేరు, ఒక్కొక్కటే ఎడమచేత్తో టైపు చేసి, పలికి, చేర్చుకుంటూ పోయారు.

దీనిని చూసినప్పుడు నాకు భర్తృహరి గుర్తుకు వచ్చాడు. ద్రుత, మధ్యమ, విలంబిత వృత్తుల భేదం శబ్దానిది కాదు, వైకృతధ్వనిది అని వాక్యపదీయం సిద్ధాంతం. వైయాకరణుడు పక్కకు తీసి పెట్టే ఆ వికారాన్నే ఈ యంత్రం భద్రంగా దాచుకుంటున్నది. పాణినీయ శిక్ష ఆరుగురు అధమ పాఠకులను లెక్కపెట్టి, చివర అల్పకంఠుణ్ణి, అంటే గొంతు పెగలనివాణ్ణి, నిలిపింది. డ్రాగన్‌కు అల్పకంఠుడైనా ఒకటే. దిద్దేవాడికి ఓపిక ఉంటే చాలు.

2021లో ఆ పాత కంప్యూటరు తరచుగా ఆగిపోవడం మొదలుపెట్టింది. కుమారుడు కొత్తది కొనిపించి, డ్రాగన్ కొత్త వెర్షనును కూడా ఏర్పాటు చేశాడు. అమర్చడానికి వచ్చిన కుర్రవాడు, "సార్, కొత్తదానికి పెద్దగా ట్రైనింగే అక్కరలేదు, పాతది ఇడిసిపెట్టుండ్రి" అన్నాడు. అతని మాటలో న్యాయం లేకపోలేదు. వెర్షను మారినప్పుడు పాత ముద్రను మోసుకురావడం కన్న కొత్తగా మొదలుపెట్టడమే మేలని సలహా ఇచ్చేవారున్నారు. కాని ఆ సలహా తేటగా పలికేవారి కోసం చెప్పినది. ఈయన పది నిమిషాలు గట్టిగా చదివితే గొంతు జీరపోతుంది.

"ఆరేండ్లు దిద్దిన పిలగాన్ని మళ్ల ఒకటో తరగతిల కూసోబెడ్తమా, పంతులూ?" అన్నారు నాతో.

కుర్రవాడు ఇక మారుమాటాడలేదు. ముగ్గురం కూర్చున్నాము. ముద్ర ఉన్న ఫోల్డరును ఉన్నదున్నట్టు నకలు తీయడం సరి కాదు, డ్రాగన్‌లోనే ఎగుమతి చేసే మార్గం ఉన్నది. దాని ద్వారా పెన్‌డ్రైవులోకి దించాము. ఆయన సొంతంగా చేసుకున్న ఆజ్ఞలు ముద్రతో రావు, వాటిని వేరే ఎగుమతి చేయాలి. ఒక్క మాట అనగానే ఉత్తరం పైన అచ్చంపేట చిరునామా అంతా పడే ఆజ్ఞ అందులో ఉన్నది. చేర్చిన పదాల జాబితాను కూడా విడిగా ఒక పాఠంగా తీసి పెట్టాము. ఒకవేళ ముద్ర పాడైతే పదాలైనా మిగులుతాయి. తరువాత కొత్త యంత్రంలో దిగుమతి, దానిని కొత్త వెర్షనుకు తగినట్టు మార్చడం. చాలాసేపు పట్టింది.

మొదటి పరీక్షలో విచిత్రం జరిగింది. 'సలేశ్వరం' తప్పు లేకుండా వచ్చింది గాని 'ది', 'దిస్', 'దేర్' వంటి చిన్న మాటలు తారుమారయ్యాయి. కారణం మైకు. ముద్ర నేర్చుకున్నది గొంతును మాత్రమే కాదు, పాత మైకులో వినిపించిన గొంతును. కొత్త యూఎస్‌బీ మైకు తీసి, దూది ఊడిన పాతదాన్నే తగిలించి, ధ్వని పరీక్ష మళ్లీ నడిపాము. చిన్న మాటలు కూడా దారికి వచ్చాయి.

మన తెలుగుకు ఈ మూటాముల్లె అవసరం రాలేదు. 2017 ఆగస్టులో గూగుల్ తన వాయిస్ టైపింగులో తెలుగుతో సహా ఎనిమిది భారతీయ భాషలను ఒకేమారు చేర్చింది. నేర్పకుండానే రాస్తుంది, ఏ ఫోనులోనైనా రాస్తుంది. గొప్ప మేలు, కాదనను. అయితే ఏ సంస్థదైనా సరే, ఉమ్మడి యంత్రం నలుగురూ పలికే పలుకువైపే మొగ్గుతుంది. దానికి 'వచ్చిండు' తెలియడం మనలో ఎందరు దానితో అట్లా మాటలాడారన్నదాని మీద ఆధారపడుతుంది. నా ముద్ర ఇదీ అని మూటగట్టి తెచ్చుకోవడానికి నా దగ్గర ఏమీ లేదు. ఆంగ్లం చెప్పిన మా మిత్రునికి ఉన్నది, తెలుగు చెప్పిన నాకు లేదు. ఇది నాకు కొంత కష్టంగానే తోచింది.

ఆ వారం ఉత్తరంలో ఆయన కొత్త కంప్యూటరు సంగతి ఒక్క వాక్యంలో తేల్చి, మిగిలినదంతా భార్య ఎండాకాలంలో పచ్చిపులుసు ఎట్లా కలిపేదో రాయించారు. ఆమె పేరు నాలుగుచోట్ల వచ్చింది, నాలుగుచోట్లా సరిగ్గానే పడింది. పెన్‌డ్రైవును పట్టాదారు పాసుపుస్తకం ఉండే బీరువా అరలో పెట్టించారు. రెండవ ప్రతి మా ఇంట్లో ఉన్నది.