అద్దాలు పోయాక

లేజర్ చేయిస్తే సైట్ పోతుందా అని అడిగేవాళ్లకి నేను మొదట చెప్పేది, కళ్లజోడు పోతుందని. సైట్ తెచ్చిన కన్ను మాత్రం అలాగే ఉంటుంది. ఈ మాట చాలామందికి నచ్చదు.

మైనస్ పవర్ ఉన్న కన్ను సాధారణంగా పొడుగు కన్ను. ముందు నుంచి వెనక్కి 24 మిల్లీమీటర్లు ఉండాల్సిన కనుగుడ్డు, మైనస్ 6 ఉన్నవాళ్లలో తరచు 26 దాకా సాగి ఉంటుంది. లాసిక్ అనే ఈ లేజర్ ఆపరేషన్‌లో మేం ముట్టుకునేది కంటి ముందుండే పారదర్శక పొర కార్నియాని. అర మిల్లీమీటరు కంటే కొంచెమే ఎక్కువ మందం దానిది. పైన పల్చటి రేకు లేపి, 193 నానోమీటర్ల ఎక్సైమర్ లేజర్‌తో కింది పొరను చెక్కి, రేకును తిరిగి సర్దుతాం. ఒక్కో డయాప్టర్‌కి 12 నుంచి 15 మైక్రాన్లు పోతాయి. ఆ లేజర్ శరీర కణజాలాన్ని మాడ్చకుండా తొలగించగలదని 1981లో ఐబీఎంలో కనుగొన్న ముగ్గురిలో మద్రాసులో చదువుకున్న రంగస్వామి శ్రీనివాసన్ ఒకరు. మన పిల్లల పాఠాల్లో ఆయన పేరు ఉండాలని నా కోరిక. అలా చెక్కాక కార్నియా చదునై చూపు కుదురుతుంది, నిజమే. వెనక సాగి పల్చబడిన రెటీనాకి ఆ సంగతే తెలియదు.

వేరే ఊళ్లో లాసిక్ చేయించుకున్న సాఫ్ట్‌వేర్ కుర్రాడొకడు నా దగ్గరికి వచ్చాడు. ఒకప్పుడు మైనస్ 7. వారం రోజులుగా కుడికంటి మూల మెరుపులు, ఎదురుగా దోమలు తిరిగినట్టు నల్ల చుక్కలు. "చూపు బాగానే ఉంది కదా సార్, పవర్ కూడా లేదు కదా అని ఊరుకున్నాను" అన్నాడు. చుక్కల మందు వేసి చూస్తే రెటీనా పైభాగంలో చిరుగు, దాని చుట్టూ నీరు చేరి పొర లేస్తోంది. మధ్యభాగానికి ఇంకా పాకలేదు. ఆ సాయంత్రమే రెటీనా సర్జన్ దగ్గరికి పంపాను, చూపు దక్కింది.

"లేజర్ చేయించుకున్నాక కూడా ఇదేంటి సార్?" అని అడిగాడు. తప్పు లేజర్‌ది కాదు. ఆపరేషన్ లేకపోయినా ఆ కంటికి ఆ ముప్పు ఉండేదే. కానీ కళ్లజోడు ఉన్నన్నాళ్లూ పవర్ మారిందేమోనని ఏడాదికోసారి ఎవరో ఒక డాక్టరు దగ్గరికి వెళ్లేవాడు. అద్దాలతో పాటు ఆ అలవాటూ పోయింది. నన్ను బాధపెట్టేది అది.

ఇంకొకమ్మాయిని తల్లి తీసుకొచ్చింది. "పెళ్లిచూపుల్లోపు అద్దాలు తీయించెయ్యండి డాక్టరుగారూ, సంబంధాలు వెనక్కి పోతున్నాయి" అంది. అమ్మాయి ఏమీ అడగలేదు, దురదకి కళ్లు నులుముకుంటూ కూర్చుంది. కార్నియా ఆకారాన్ని కొలిచే టోపోగ్రఫీలో దాని కింది సగం ఉబ్బి కనిపించింది. అంటే, కార్నియా ఉబ్బే కెరటోకోనస్ జబ్బు మొదలవుతోంది. అసలే బలహీనమైన పొరని లేజర్‌తో ఇంకా పల్చన చేస్తే ఉబ్బు పెరుగుతుంది, చేయనన్నాను. తల్లికి కోపం వచ్చింది. కొన్ని నెలలకి మళ్లీ వచ్చారు, ఉబ్బు పెరిగింది. రైబోఫ్లేవిన్ చుక్కలు వేసి, అతినీలలోహిత కాంతితో కార్నియాని గట్టిపరిచే క్రాస్‌లింకింగ్ చేశాం. ఆ అమ్మాయి పెళ్లిపీటల మీద కళ్లజోడుతోనే కూర్చుంది. ఆమె అలా కూర్చోగలిగినందుకు నాకు చాలా సంతోషం.

లాసిక్ మంచి ఆపరేషనే. పద్దెనిమిది నిండి, పవర్ కనీసం ఏడాదిగా నిలకడగా ఉండి, పరీక్షలన్నీ బాగుంటే నేనే చేస్తాను. ఇంటికి పంపేటప్పుడు రెండు విషయాలు చెప్తాను. చూపు ఎంత బాగున్నా ఏడాదికోసారి చుక్కల మందు వేయించుకుని రెటీనా చూపించుకోవాలి. ఆపరేషన్‌కి ముందున్న పవర్, కార్నియా కొలతల కాగితాన్ని భద్రంగా దాచుకోవాలి. అరవైల్లో శుక్లం వచ్చినప్పుడు లోపల పెట్టే లెన్స్ పవర్ లెక్కకట్టేటప్పుడు, చెక్కిన కార్నియా మామూలు లెక్కల్ని తప్పిస్తుంది. అప్పుడు శుక్లం ఆపరేషన్ చేసే డాక్టరు ముందుగా అడిగేది ఆ కాగితమే.