దగ్గు వచ్చిన యింట

అంటురోగములనుగూర్చి వైద్యులు వ్రాయవలయును గాని యొక బడిపంతులుగారి భార్య వ్రాయుట యేమని మీలో కొందఱనుకొనవచ్చును. నాకు వైద్యము రాదు. తండ్రిగారియొద్ద భారత భాగవతములును కొంత వ్యాకరణమును చదువుకొన్నదానను. కాని రోగ మింటిలోనికి వచ్చు త్రోవను వైద్యునికంటె ఇల్లాలే ముందుగా చూడగలదు. చూడవలసినపుడు నేను చూడలేకపోతిని. ఆ సంగతి చెప్పుటకే యీ వ్రాత.

2021 ఏప్రిలు మాసమున కరోనా రెండవమాఱు విజృంభించినపుడు మా యింట మేము చేసిన శుద్ధికి మేర లేదు. కూరగాయలు ఉప్పునీట కడిగితిమి. పాలపొట్లములను సబ్బునీట ముంచితిమి. వార్తాపత్రికను ఎండలో ఆరవేసి, మధ్యాహ్నమునకు గాని విప్పలేదు. మావారు బయటినుండి వచ్చినచో పెరటిత్రోవను వచ్చి స్నానము చేయనిదే గడప త్రొక్కనీయలేదు. మా యత్తగారు “ఇన్నాళ్లకు నా మడి విలువ నీకు తెలిసినది గదా అమ్మాయీ!” యని నవ్వెడివారు. నాకును లోలోపల గర్వముగానే యుండెను.

ఇంత చేసినదానను, సంధ్యవేళ కాగానే దోమలు వచ్చునని గది కిటికీలన్నియు మూసెడిదానను. పంకా వేసి, అత్తగారి మంచముప్రక్కనే కూర్చుండి, గంటసేపు భాగవతము గొంతెత్తి చదివెడిదానను. చూపు మందగించుటచే ఆమె స్వయముగా చదువుకొనలేరు. గజేంద్రమోక్షము వచ్చినపుడు మాత్రము నేను చదువ నక్కరలేదు. కన్నులు మూసికొని, సీసపాద మంతయు ఒక్క యూపిరిని ఆమెయే చెప్పెడివారు.

ఏప్రిలు 20 నుండి క్రింది తరగతులకు బడులు మూసినను, పదవతరగతి పిల్లలకొఱకు మావారు పోవుచునే యుండిరి. ఆ నెలాఖరున ఆయనకు గొంతు గరగరలాడెను. చల్లని నీరు త్రాగితిననిరి, నేనును నమ్మితిని. నాకేమియు లేదు గనుక మూడు దినములు యథాప్రకారము పురాణము చదివితిని. నాల్గవనాడు నాకు జ్వరము. ఆఱవనాటికి అత్తగారికి దగ్గు. వ్రేలికి తగిలించు ఆక్సీమీటరు 91 చూపెను. 94కు తగ్గినచో ఆలస్యము చేయరాదని వినియుంటిని గనుక ఆ రాత్రియే బయలుదేరితిమి. పడక దొరకుసరికి తెల్లవాఱెను. పదునొకండు దినము లామె ముక్కునకు ప్రాణవాయువు పెట్టిరి. మార్చినెలలో ఒక మోతాదు టీకా వేయించియుండుట మేలు చేసినదని వైద్యులనిరి. నేను చేసిన మేలు అంతమాత్రమే.

నా తప్పేమో పిమ్మట తెలిసినది. 2021 మే 20వ తేదీని భారతప్రభుత్వపు ప్రధాన శాస్త్రసలహాదారు కార్యాలయమువారు, మాటలాడునపుడును దగ్గునపుడును పెద్దతుంపరలు రెండు మీటర్లలోపల నేలపడుననియు, సూక్ష్మమైనవి గాలిలో పది మీటర్లదాక పోగలవనియు, కావున తలుపులు కిటికీలు తెఱచి యుంచవలయుననియు ప్రకటించిరి. అప్పటికి మా యత్తగారు ఆసుపత్రిలో నుండిరి. ఊరకుండువానికంటె గొంతెత్తి చదువువాని నోట ఈ కణము లెక్కువగా వెలువడునట. రోగలక్షణములు కనబడుటకు ఒకటి రెండు దినములు ముందే మనుష్యుడు ఇతరులకు అంటింపగలడట. అనగా ఏమియు లేదని నేను చదివిన ఆ మూడు దినములలోనే నేను పంచుచుంటిని! పాలపొట్లముల సంగతియో? వస్తువులను తాకుటవలన అంటుట సామాన్యముగా పదివేలలో ఒకవంతుకంటె తక్కువయని అమెరికాదేశపు ఆరోగ్యశాఖవారు ఆ యేప్రిలులోనే వ్రాసియుండిరి. చేతులు కడుగుట మానుడని చెప్పుట లేదు. సబ్బు ఈ క్రిమిమీది క్రొవ్వుపొరను కరగించి దానిని చంపును, ఇరువది సెకండ్లు రుద్దుట మంచిదే. కాని నే నఱచేతులను కాచితిని, ఊపిరిని విడిచితిని.

మడినిగూర్చి ఒక మాట. కరోనానాట కొందఱు మన పెద్దలు అంటు ముట్టు లిందుకే పెట్టిరని గొప్పలు చెప్పిరి. నాకు ఒళ్లు మండినది. కులమునుబట్టి మనుష్యుని దూరముంచుట రోగమును దూరముంచుట కాదు. మడిలోనున్న అత్తగారికి రోగము నంటించినది మడి కట్టిన కోడలే గదా!

ఇప్పుడు మా కిటికీలకు దోమతెరలు కొట్టించితిమి. అవి రేయింబవళ్లు తెఱచియే యుండును. జలుబుచేసినవారు ముందుగదిలో పండుకొందురు. అత్తగారియొద్దకు పోవలసినచో ముక్కును నోటిని మూయు మాస్కుతోనే పోదురు. మా యింట పనిచేయు నామె దగ్గుచు వచ్చినచో జీతము కోయక ఇంటికి పంపుచున్నాను. జీతము కోసెడి దినములలో ఆమె దగ్గు దాచుకొని వచ్చెడిది. ఆ తప్పు ఆమెది కాదు.

మావారితో మాత్రము ఒక తగవు తేలలేదు. ఏడాది పొడవునను ఒక్కనాడైన మానని పిల్లలకు బడిలో బహుమాన మిత్తురు. మా అమ్మాయికి క్రిందటి జనవరిలో జ్వరము వచ్చెను. పంపననగా అది యేడ్చెను. “నీ వొక్కతెవు మాన్పించిన లోకమున జలుబులు పోవునా?” యని ఆయన యడిగిరి. “జ్వరముతో వచ్చినవారికి బహుమాన మిచ్చి, ప్రక్కబల్ల పిల్లకు జ్వర మిత్తురా?” యంటిని. ఆయన మాటాడక గొడుగు తీసికొని పోయిరి. బహుమాన మింకను ఇచ్చుచునే యున్నారు.

శ్రావణమాసమున ఒక శుక్రవారము పొరుగింటివారు పేరంటమునకు పిలిచిరి. అప్పుడు నాకు దగ్గుగా నుండి పోలేదు. ఆ యిల్లాలికి కోపము వచ్చినది. శనగలును తాంబూలమును మా యరుగుమీద పెట్టి, పలుకరింపకయే మరలిపోయినది. వారింట ఎనుబదేండ్లు దాటిన యామె తల్లి యున్నదని చెప్పబోతిని, వినిపించుకొనలేదు.

అత్తగారు ఇంటికి వచ్చి యేండ్లు గడచినవి. సాయంకాలము ఇప్పటికిని చదువుచున్నాను, కొంచెము దూరముగా, కిటికీప్రక్కను. గజేంద్రమోక్షము వచ్చినపుడు ఆమెయే యందుకొందురు. పాదము నడుమ ఆగి, ఊపిరి పీల్చుకొని, తక్కిన సగము చెప్పుదురు. ఆమె ఆగినచోట నేను పుస్తకములోనికి చూతును, అందించుట లేదు.