వేట లైసెన్సూ, బావ కార్బైనూ

అమెరికాలో చదువుతున్నామని తెలిస్తే చుట్టాలందరూ అడిగే ప్రశ్నలు మూడు. చలి ఎలా ఉంది? వంట ఎవరు చేస్తున్నారు? అక్కడ అందరి దగ్గరా తుపాకులుంటాయటగా? మొదటి రెండూ తేలిక. మూడోదానికి మాత్రం మేమంతా మాట మార్చేస్తుంటాం. టెక్సస్‌లో 2016 నుంచి లైసెన్స్ ఉన్నవాళ్లు ప్రభుత్వ యూనివర్సిటీ క్యాంపస్‌లోకి కూడా పిస్టల్ దాచిపెట్టుకుని రావచ్చని అమ్మకి ఎలా చెప్తాం?

డాలస్‌లో ఉండే మా బావ ఈమధ్య హైపాయింట్ 995 అనే కార్బైన్ కొన్నాడు. కార్బైన్ అంటే పొట్టి రైఫిల్. ఇది రైఫిల్ గుండు కాదు, పిస్టల్‌లో వాడే 9 ఎం.ఎం. గుండే వాడుతుంది. ధర మూడొందల డాలర్ల పైచిలుకు. అంటే ఇంచుమించు రూములో నా వాటా అద్దె! మన దేశంలో 9 ఎం.ఎం. నిషిద్ధ బోరు, మామూలు పౌరుడికి లైసెన్స్ ఇవ్వరు. ఇక్కడ వారాంతపు సరదా.

"రేంజ్‌కి వస్తావా?" అన్నాడు బావ. వెళ్లాలంటే ఒక మెలిక ఉంది. మనలాంటి ఎఫ్-1 వీసావాళ్లు తుపాకీ గానీ, తూటా గానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. చెల్లుబాటయ్యే వేట లైసెన్స్ ఉంటే మాత్రం మినహాయింపు. అందుకని ఆన్‌లైన్లో హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు చేసి, ఆ లైసెన్స్ తీసుకున్నాకే కదిలాను. కోడిగుడ్డు కూడా తినని ఇంట్లో పుట్టి వేటగాణ్ణయ్యాను చూడండి!

చూడ్డానికి ఈ కార్బైన్ మన వర్క్‌షాప్‌లో డ్రిల్లింగ్ మెషీన్ తమ్ముడిలా ఉంటుంది. 16.5 అంగుళాల బ్యారెల్, ప్లాస్టిక్ స్టాక్, పది రౌండ్ల మ్యాగజైన్, 2.8 కిలోల బరువు. ఎందుకింత చవకో లోపలి పనితీరు చూస్తే మెకానికల్ వాళ్లకి ఇట్టే అర్థమవుతుంది. బోల్ట్‌ని బిగించే లాకింగ్ ఏర్పాటేమీ లేదు. గుండు బ్యారెల్ దాటేదాకా పేలుడు ఒత్తిడిని ఆపేది ప్రధానంగా బోల్ట్ బరువే, తోడుగా ఒక స్ప్రింగ్. దీన్ని బ్లోబ్యాక్ అంటారు. సెకండియర్‌లో బట్టీపట్టిన జడత్వం ఇక్కడ ఉద్యోగం చేస్తోందన్నమాట.

చెవుల్లో ప్లగ్గులు, పైన మఫ్‌లు, కళ్లద్దాలు పెట్టుకున్నాను. లక్ష్యం 25 గజాల దూరంలో. ఎన్‌సీసీలో .22 రైఫిల్‌తో బోర్లా పడుకుని కాల్చిన అనుభవం ఉంది కాబట్టి ఊపిరి బిగబట్టడం గుర్తొచ్చింది. మొదటి రౌండ్ పేలింది. పిస్టల్ గుండేగా అనుకుంటే, .22 కంటే చాలా గట్టిగానే తోసింది. లెక్కేస్తే, 7.5 గ్రాముల గుండు సుమారు సెకనుకు 380 మీటర్ల వేగంతో ముందుకెళ్తే, 2.8 కిలోల తుపాకీ సెకనుకు మీటరు వేగంతో వెనక్కి రావాలి. పైగా ఆ బరువైన బోల్ట్ వెనక్కొచ్చి ఆగే కుదుపు వేరే. అయినా భుజానికి నొప్పేం లేదు.

పది రౌండ్లలో ఎనిమిది అరచేతిలో ఇమిడేంత చోట పడ్డాయి. బావ "అదరగొట్టావురా!" అన్నాడు. నిజం చెప్పాలంటే చాలా బాగుంది. నాకు గుబులు పుట్టింది కూడా అక్కడే. ఎన్‌సీసీలో ఐదు రౌండ్లు కాల్చడానికి ముందు హవల్దార్ గారు రోజుల తరబడి ప్రాణం తీశారు. ఇక్కడ పావుగంటలో గురి కుదిరిపోయింది. చవకా, తేలికా అనే రెండు గుణాలూ మంచివాడికీ చెడ్డవాడికీ ఒకేలా పనిచేస్తాయి. 1999లో కొలంబైన్ హైస్కూల్లో కాల్పులు జరిపిన ఇద్దరు విద్యార్థుల్లో ఒకడి చేతిలో ఉన్నది ఈ 995 మోడలే.

తిరుగు ప్రయాణంలో బావ అన్నాడు: "లైసెన్సు ఉందిగా, నువ్వూ ఒకటి కొనుక్కోరా. రోజులు బాలేవు."

"నా రూములో నలుగురం ఉంటాం బావా, తాళం వేసే అల్మరా కూడా లేదు. నాకొద్దు. ఇంతకీ నువ్విది ఎక్కడ పెడతావు?"

"బెడ్‌రూమ్‌లో, పై అరలో."

"చంటిగాడు కుర్చీ ఎక్కి ఫ్రిజ్ మీది బిస్కెట్ డబ్బా తీస్తున్నాడని మొన్న అక్క చెప్పింది."

బావ మాట్లాడలేదు. టెక్సస్‌లో పదిహేడేళ్లలోపు పిల్లలకి తూటాలున్న తుపాకీ అందేలా వదిలేస్తే శిక్ష పెద్దవాళ్లకే. ఆ చట్టం ఆయనకి తెలుసు. కానీ ఆరేళ్ల కొడుకు ముందు చట్టమెంత? రెండు సిగ్నళ్లు దాటాక కారు కుడివైపు తిప్పి ఒక షాపు ముందు ఆపాడు. ఉక్కు పెట్టె కొన్నాం. కార్బైన్ ధరలో సగం పైనే అయింది.

బరువుగా ఉంటే ఇద్దరం చెరోవైపు పట్టుకుని మెట్లెక్కించాం. చంటిగాడు ఎదురొచ్చి "మామయ్యా, అందులో ఏముంది?" అన్నాడు.

"ఇంకా ఏమీ లేదురా" అన్నాడు బావ, నాకంటే ముందే.