స్లాబ్ పోయకముందే తుప్పు సంగతి తెలుసుకుందాం



ఇప్పుడు మన తండాల్లో, పెంటల్లో ఇందిరమ్మ ఇండ్లు లేస్తున్నయ్. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ఏ దిక్కు పోయినా పిల్లర్ల మీద ఊచలు ఆకాశం దిక్కు నిలబడి కనిపిస్తయ్. చేతిలో పైసలు అయిపోతే పని ఆగుతది, ఊచలు వానకు తడుస్తయ్. సర్కారు ఇచ్చేది 5 లక్షలు. ఆపైన అయ్యేదంతా మన అప్పే. అందుకే హాస్టల్ పిల్లలం మేము ఈ పోస్టు రాస్తున్నం.

బడిలో మూడు గాజు గొట్టాల్లో మూడు మొలలు వేసే ప్రయోగం మనందరం బట్టీ పట్టినం. నీళ్లు, గాలి రెండూ తగిలిన మొలకే తుప్పు. ఒక్కటి లేకపోయినా రాదు. మార్కుల కోసం చదివిన ఆ పాఠం మన ఇంటి లెక్కే.

మే నెలల గద్వాల దిక్కు ఎండ 40 డిగ్రీలు దాటుతది. అప్పుడు గొడ్డలి బయట పడేసినా పెద్దగా ఏం కాదు, ఎందుకంటే గాలి ఎండిపోయి ఉంటది. అదే గొడ్డలి ఆగస్టుల అమ్రాబాద్ అడవి దిక్కు గుడిసె చూరుల పెడితే నాలుగు రోజులకే ఎర్రబడతది. గాలిలో తేమ సుమారు 60 శాతం దాటితే ఇనుము మీద కంటికి కనపడని నీటి పొర పడుతది. వాన పడకపోయినా సరే. బావిలో దింపిన పైపును చూడండి. అడుగున మునిగిన భాగం కంటే నీటిమట్టం దగ్గర, తడిసి ఆరే చోటనే ఎక్కువ తింటది. అక్కడ నీళ్లూ ఉన్నయ్, గాలీ ఉంది.

ఇక ఉప్పు. ఉప్పు తేమను గుంజుకుంటది, నీళ్లలో కరెంటు సులువుగా పారేటట్టు చేస్తది. తుప్పంటే చిన్న బ్యాటరీ పనే కదా. కొడవలికి చెమట చేయి తగిలిన చోట ముందు మచ్చ పడేది అందుకే. 1914లో సముద్రం మీద కట్టిన పాంబన్ రైలు వంతెనను ఉప్పు గాలి తినీ తినీ, 2022 డిసెంబర్‌లో రైళ్లు ఆపేసిన్రు. పక్కనే కొత్తది కట్టి 2025 ఏప్రిల్‌లో తెరిచిన్రు.

మనకు సముద్రం లేదు కదా అనుకోవద్దు. మనకు చౌడు నేలలున్నయ్, ఉప్పు నీళ్ల బోర్లున్నయ్.

సిమెంటు లోపల ఊచ మామూలుగా భద్రం. సిమెంటుకు క్షార గుణం ఉంటది, అది ఊచ మీద సన్నని రక్షణ పొర కడుతది. ఉప్పు నీళ్లతో మాల్ కలిపితే ఆ పొర తెగుతది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి రెండింతలకు పైగా చోటు అడుగుతది. లోపల చోటు లేదు కాబట్టి సిమెంటును పగలగొడుతది. పెచ్చులు ఊడి పడేది అట్లనే. ఆ స్లాబ్ కిందనే మన అమ్మ, చెల్లె పండుకుంటరు.

అందుకే ఈ నాలుగు మాటలు ఇంట్ల చెప్పండి. నోట్ల పోసుకుంటే ఉప్పగా ఉన్న నీళ్లు మాల్‌కు వద్దు. ఊచలుండే కాంక్రీటుకు లీటరు నీళ్లలో క్లోరైడ్ 500 మిల్లీగ్రాములు దాటొద్దని ఐఎస్ 456 చెప్తది, వీలైతే పరీక్ష చేయించండి. పని ఆగితే పిల్లర్ల ఊచలకు సిమెంటు పాలు పూయండి. పలచని ఎరుపుకు భయం లేదు. పొరలు రాలే తుప్పును మాత్రం తీగ బ్రష్‌తో గీకాలె. ఊచ కింద కవర్ బిళ్లలు పెట్టకుండా స్లాబ్ పోయనీయొద్దు.

మన పెద్దలు పాలమూరు లేబర్ అనే పేరుతో బొంబాయి దాకా పోయి పెద్ద పెద్ద మేడలకు స్లాబులు పోసిన్రు. ఇప్పుడు పోసేది మన సొంత స్లాబ్. సివిల్ డిప్లొమా చదివే అన్నలు, అక్కలు మేము విడిచిపెట్టినవి ఉంటే కింద రాయండి, ఇంట్ల వాళ్లకు చదివి వినిపిస్తం.