బ్రేకులో బుడగ

ముప్ఫైయేళ్లు హైస్కూల్లో భౌతికశాస్త్రం చెప్పినవాణ్ణి. పాస్కల్ సూత్రం నిద్రలో లేపి అడిగినా అప్పజెప్పగలను. మూసి ఉన్న ద్రవంమీద ఒకచోట కలిగించిన పీడనం అన్నివైపులకూ సమానంగా ప్రసరిస్తుంది. కాని ఆ సూత్రం మావాడి మోటారుసైకిలు బ్రేకులో పొంచి ఉండి నా పరువు తీస్తుందని ఏనాడూ అనుకోలేదు.

సంగతేమిటంటే, ఆ బండి ముందు చక్రానికి డిస్కు బ్రేకు. హాండిలు దగ్గర చిన్న డబ్బీలో ఉండే బ్రేకు ఆయిలు కాఫీ డికాక్షనులా నల్లబడింది. ఈ ఆయిలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం కొత్తలో కనీసం 230 డిగ్రీల సెంటీగ్రేడు దాకా మరగదు. నీరు పట్టాక ఆ హద్దు 155 దాకా దిగవచ్చు. కొండ దిగేటప్పుడు బ్రేకు కాగి ఆయిల్లో ఆవిరి బుడగలు లేస్తే, ఇక బ్రేకు పడదు. మేముండేది విశాఖలో. మర్నాడే వాళ్లమ్మను ఎక్కించుకుని సింహాచలం కొండకు వెళ్లాలని మావాడి ఏర్పాటు.

"మెకానిక్కు ఎందుకురా, నేను లేనూ?" అన్నాను.

కింద చక్రం దగ్గర నిపిలు వదులు చేసి, పాత ఆయిలు కారుతూంటే పేపరు చదువుతూ కూచున్నాను. తీరా చూద్దును గదా, పైన డబ్బీ ఖాళీ! గొట్టంలోకి గాలి జొరబడింది. కొత్త ఆయిలు పోసి లీవరు నొక్కితే, పులిసిన పిండిలో చెయ్యి పెట్టినట్టు మెత్తగా హాండిలు దాకా వచ్చేసింది. ద్రవం అణగదు, గాలి అణుగుతుంది. నా చేతి బలమంతా ఆ బుడగలే మింగేస్తున్నాయి.

మా ఆవిడను కేకేశాను. ఆవిడ లీవరు నొక్కి పట్టుకోవాలి. నేను 8 నెంబరు పానాతో నిపిలు పావు చుట్టు తిప్పాలి. నిపిలుకు తగిలించిన సన్నగొట్టం కొస సీసాలోని ఆయిల్లో మునిగి ఉండాలి. అందులోంచి బుడగలు బయటికొస్తాయి. నిపిలు బిగించాకనే లీవరు వదలాలి. ముందే వదిలితే గాలి మళ్లీ లోపలికి పోతుంది.

"పట్టు!"

"పట్టానండీ."

"వదులు!"

"మీరు బిగించారా?"

"ఆఁ... ఉండుండు!"

మావాడు డబ్బీలో మట్టం తగ్గకుండా కొత్త ఆయిలు పోస్తూ, ఒలికిన బొట్లు బండి రంగు తినేయకుండా తడిగుడ్డతో తుడుస్తున్నాడు.

గంట గడిచింది. నా నడుం పట్టేసింది. లీవరు కొంత గట్టిపడింది.

"అయిపోయింది. నిక్షేపంలా ఉంది" అన్నాను. కాలేదని నా వేళ్లకు తెలుస్తూనే ఉంది.

మా ఆవిడ ఒకసారి నొక్కి చూసింది. "ఏమండీ, రేపు దీనిమీద కొండ దిగేది నేనూ, వీడూనూ" అంది. అంతే.

నా మేష్టరీ కాస్తా దిగిపోయింది. "కాలేదురా. గాలి ఇంకా ఉంది. జొరబెట్టిందీ నేనే" అని కొడుకు ఎదుట ఒప్పుకున్నాను. వాడు నవ్వలేదు. "మళ్లీ చేద్దాం నాన్నా" అన్నాడు.

ఈసారి గొట్టాన్ని స్క్రూడ్రైవరు పిడితో కిందినుంచి పైకి మెల్లగా తట్టుకుంటూ వచ్చాం. గోడ పట్టుకున్న బుడగలు ఒక్కొక్కటే డబ్బీలోకి తేలాయి. దీపాలు పెట్టేవేళకు లీవరు రాయిలా నిలిచింది.

అయినా తెల్లవారి బండిని తోసుకుంటూ వీధి చివర మెకానిక్కు దగ్గరికి తీసుకెళ్లాను. అతను నొక్కి చూసి, "బాగానే తీశారు మాస్టారూ. ఏబీఎస్ లేని పాత బండి కాబట్టి సరిపోయింది. ఏబీఎస్ ఉన్నవాటిలో కొన్నిటికి వేరే పరికరం కావాలి" అన్నాడు.

వాళ్లు వెళ్లిందగ్గరనుంచీ వీధి అరుగుమీదే కూచున్నాను. పేపరు తెరిచి ఉంది గాని, ఒక్క అక్షరం చదివితే ఒట్టు. పదకొండింటికి బండి చప్పుడైంది.

మా ఆవిడ దిగి, ప్రసాదం చేతిలో పెడుతూ, "గట్టిగానే పడిందండీ" అంది.

రిటైరైననాడు పిల్లలు వేసిన దండ కూడా నాకంత తృప్తినివ్వలేదు.